బండి ఆగితే వచ్చేదెవరు?

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ కింద పెట్రోలు అయిపోయి బైకు ఆగిపోయినవాడు ఏ కంపెనీకీ ఫోను చేయడు. రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తుతాడు. కాసేపటికి ఎవరో ఒక కుర్రాడు ఆగి, కాలు చాచి ఇతని బండి ఫుట్‌రెస్ట్‌కు ఆనించి, బంకు దాకా నెట్టుకుంటూ తీసుకుపోతాడు. పేరు చెప్పడు, పైసా అడగడు. ట్రాఫిక్ పోలీసులు ఒప్పుకోని విద్య ఇది, ప్రమాదం కూడా. అయినా హైదరాబాద్‌లో టూవీలర్‌కు ఇంతకంటే త్వరగా అందే సాయం ఇంకోటి లేదు.

కారుకు ఆ వీలు లేదు. అందుకే కొత్త కారు బిల్లులోనో ఇన్సూరెన్స్ రెన్యువల్ కాగితంలోనో ‘ఆర్‌ఎస్‌ఏ’ అన్న మాట, దాని పక్కన ఓ మొత్తం కనిపిస్తాయి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అన్నమాట. దారిలో బండి మొరాయిస్తే ఫోను చేయండి, మనిషిని పంపుతాం అనే ఏడాది ఒప్పందం. ఇన్సూరెన్స్‌తో కలిపి తీసుకుంటే కొన్ని వందల్లో పోతుంది. విడిగా కొంటే ప్లాన్‌ను బట్టి వెయ్యి దాటుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. కొందరు అడక్కుండానే కట్టేస్తారు, కొందరు అనవసరమని కొట్టేయిస్తారు. నిబంధనలు చదివినవాళ్లు రెండు వర్గాల్లోనూ అరుదే.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వైపు ఉండేవాళ్లకు ఈ డబ్బు గిట్టుబాటు అవుతుందా అన్నది కంపెనీని బట్టి తేలే విషయం కాదు. వాళ్ల బండి ఏ దారిన, ఏ వేళ తిరుగుతుందన్న దాన్ని బట్టి తేలుతుంది.

నగరంలోనే తిరిగే కారు సంగతి ముందు చూద్దాం. మలక్‌పేట నుంచి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్‌బీ నగర్ దాకా మెయిన్ రోడ్డు వదిలి ఏ గల్లీలోకి తిరిగినా పంక్చర్ షాపు, బ్యాటరీ షాపు, మెకానిక్ షెడ్డు ఉంటాయి. వనస్థలిపురం దాటితే ఆటోనగర్. లారీ యాక్సిల్ నుంచి పాత కారు డోరు దాకా అక్కడ దొరకనిది తక్కువ. సెల్ఫ్ పడకపోతే మెకానిక్ స్కూటర్ మీద జంపర్ కేబుల్ వేసుకొచ్చి స్టార్ట్ చేసిపోతాడు. బ్యాటరీ చచ్చిపోతే షాపువాడే కొత్తది తెచ్చి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే బిగించి, పాతదాని ధర తగ్గించి మిగతాది తీసుకుంటాడు. బ్యాటరీ కంపెనీలకూ హెల్ప్‌లైన్లు ఉన్నాయి. సాయంత్రం ఏడింటికి కొత్తపేట ట్రాఫిక్‌లో ఎక్కడినుంచో క్రేన్ వచ్చేలోపు, పక్క గల్లీ మెకానిక్ పని ముగించుకుని టీ కూడా తాగేస్తాడు. ఇక్కడ ఆర్‌ఎస్‌ఏ కార్డుకు పెద్దగా పనిలేదు.

అయితే పక్క గల్లీ మెకానిక్ రాత్రి పదకొండు తర్వాత ఫోనెత్తడు. ఆదివారం మధ్యాహ్నమూ అనుమానమే. పైగా కొత్త కార్లు అతని చేతికి అందకుండా పోతున్నాయి. బటన్ స్టార్ట్, ఆటోమేటిక్ గేర్లు, ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ‘నెట్టి సెకండ్ గేర్‌లో క్లచ్ వదలండి’ అన్న పాత మంత్రం పారదు. ఆటోమేటిక్‌లనూ ఎలక్ట్రిక్ కార్లనూ తాడు కట్టి లాగితే బాగుపడటం అటుంచి గేర్‌బాక్సుకో మోటారుకో ముప్పు. నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించాల్సిందే. 2020లో కేంద్రం నిబంధన మార్చి, ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేర్ కిట్, గాలి తగ్గితే చెప్పే వ్యవస్థ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదంది. టైరు పక్కభాగం చిరిగితే ఆ కిట్ దేనికీ పనికిరాదు. అలాంటి కారున్నవాళ్లకు నగరంలో కూడా ఫ్లాట్‌బెడ్ పిలిపించుకునే ఏర్పాటు ఒకటి అవసరమే.

ఈ ప్రాంతపు అసలు కథ ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర మొదలవుతుంది. అక్కడి నుంచి సాగేది విజయవాడ దారి. పాత లెక్కలో తొమ్మిదో నంబరు, ఇప్పుడు 65వ నంబరు జాతీయ రహదారి. సంక్రాంతికి రెండు రోజుల ముందు హైదరాబాద్‌లో సగం ఇదే దారిలో ఉన్నట్టుంటుంది. ఏడాదంతా ఆఫీసుకు మెట్రోలో వెళ్లి, కారును సెల్లార్‌లో కవరు కప్పి ఉంచినవాళ్లు (ఎల్‌బీ నగర్‌కు మెట్రో 2018 సెప్టెంబరులో వచ్చింది) ఆ ఒక్క వారం దాన్ని బయటికి తీసి, పిల్లల్ని, పిండివంటలకు సరంజామాను ఎక్కించి, ఏసీ వేసి, పంతంగి టోల్ దగ్గర గంటలకొద్దీ నత్తనడకన నడుపుతారు. బలహీనపడ్డ బ్యాటరీ, నీళ్లు చూడని రేడియేటర్, అరిగిన క్లచ్ ప్లేట్లు అన్నీ అక్కడే బయటపడతాయి. వాడే కారు కన్నా వాడని కారే దారిలో ఎక్కువ మోసం చేస్తుంది. 2020 లాక్‌డౌన్ తర్వాత సెల్లార్లలో చచ్చిన బ్యాటరీలను చూసినవాళ్లకు ఈ మాట కొత్త కాదు.

హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక పరిస్థితి మారుతుంది. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట లాంటి ఊళ్లలో మెకానిక్‌లున్నారు. కానీ ఊరికీ ఊరికీ నడుమ, రాత్రివేళ, లారీల వరసలో ఆగిపోయిన కారు దగ్గర నిలబడటమే ప్రమాదం. వెనక నుంచి వచ్చే లారీకి ఆగిన బండి ఆలస్యంగా కనిపిస్తుంది. అక్కడ రిపేరు తర్వాతి మాట. ముందు బండి రోడ్డు మీంచి పక్కకు రావాలి.

దానికి ఇప్పటికే ఒక ఏర్పాటుంది, చాలామందికి తెలియదు. 1033. జాతీయ రహదారుల సంస్థ 2018లో తెచ్చిన ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ ఇది. టోల్ వసూలు చేసే జాతీయ రహదారి మీద అంబులెన్స్, గస్తీ వాహనం, క్రేన్ ఉంచడం నిర్వహణ ఒప్పందాల్లో భాగం. విజయవాడ రోడ్డుపై టోల్ వసూలు 2024 జూలైలో జీఎంఆర్ సంస్థ నుంచి జాతీయ రహదారుల సంస్థ చేతికి వచ్చింది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు దగ్గర ఫాస్టాగ్‌లో కోసుకునే డబ్బులో ఈ సేవల ఖర్చూ ఉంది. అంటే ఒక రకం రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు విజయవాడ వెళ్లే ప్రతివాళ్లూ ముందే చందా కట్టేశారు. మనుషుల కోసం 108 ఈ నగరంలోనే 2005లో పుట్టి దేశమంతా పాకింది. బండ్ల కోసం పుట్టిన 1033 మాత్రం టోల్ రసీదు మీద ఒక అంకెగా మిగిలిపోయింది. ప్రచారం చేయకపోవడం ఆ సంస్థ తప్పేనని చెప్పాలి.

దీని పరిధి కూడా తెలుసుకోవాలి. వాళ్ల క్రేన్ పని రోడ్డు మీద అడ్డం తీయడం. బండిని దగ్గర్లోని సురక్షితమైన చోటికి చేరుస్తారు గానీ ఎల్‌బీ నగర్‌లోని మీ సర్వీస్ సెంటర్‌కు తెచ్చి దింపరు. పెద్ద అంబర్‌పేట దగ్గర ఎక్కే ఔటర్ రింగ్ రోడ్డుది వేరే లెక్క. 158 కిలోమీటర్ల ఆ రోడ్డును 2023లో ముప్పై ఏళ్లకు ఐఆర్‌బీ సంస్థకు లీజుకిచ్చారు. అక్కడ గస్తీ, క్రేన్లు వాళ్ల బాధ్యత.

ఇక సాగర్ రోడ్డు. బీఎన్ రెడ్డి నగర్ నుంచి ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ మీదుగా నాగార్జునసాగర్ పోయే దారికి 1033 వర్తించదు. శ్రీశైలం దారి జాతీయ రహదారే అయినా మన్ననూరు దాటాక అమ్రాబాద్ అడవి. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా గేటు మూసేస్తారు, ఫోను సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. ఎంత ఖరీదైన ప్లాన్ కొన్నా ఫోను కలవనిచోట అది కాగితమే. అడవి దారికి గాలి ఉన్న స్టెప్నీ, పనిచేసే జాకీ, నట్లు ఊడే పానా, ఒక టార్చి లైటు ఏ కంపెనీ కంటే నమ్మకమైనవి.

కొనే ముందు ఇంకో సంగతి చూసుకోవాలి. ఈ సేవ చాలామంది దగ్గర ఇప్పటికే ఉంటుంది, కొందరి దగ్గర రెండుసార్లుంటుంది. కొత్త కారుతో తయారీ కంపెనీ కొన్నేళ్ల ఆర్‌ఎస్‌ఏ ఉచితంగా ఇస్తుంది. మారుతి 2017 నుంచి బైకుల మీద మెకానిక్‌లను పంపే పద్ధతి కూడా పెట్టింది. వారంటీ పొడిగించుకుంటే చాలా కంపెనీలు దీన్నీ పొడిగిస్తాయి. అదే కారుకు షోరూమ్‌వాళ్లు కట్టిన ఇన్సూరెన్స్‌లో మళ్లీ ఆర్‌ఎస్‌ఏ యాడ్-ఆన్ ఉంటుంది. కొన్ని క్రెడిట్ కార్డులూ ఇస్తాయి. ఒక కారు ఒక చోటే ఆగుతుంది, ఒక క్రేన్ మీదే ఎక్కుతుంది. రెండో చందా పూర్తిగా దండగ.

‘నాకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, చాలు’ అనేవాళ్లది మరో పొరపాటు. మామూలు ప్యాకేజీ పాలసీలో, యాక్సిడెంట్ అయి బండి కదలకపోతే దగ్గరి గ్యారేజీకి చేర్చే ఖర్చు ఇస్తారు. అది కారుకు రూ.1,500, టూవీలర్‌కు రూ.300 మించదు. ఎప్పుడో రాసిన ఈ అంకెలతో ఈ రోజుల్లో బైకును ఆటో ట్రాలీ ఎక్కించడమే కష్టం. పైగా ఇది పాలసీ వర్తించే నష్టం జరిగినప్పుడే. బ్యాటరీ, క్లచ్, రేడియేటర్ లాంటి మెకానికల్, ఎలక్ట్రికల్ లోపాలు ఆ పాలసీలోకే రావు. దారిలో కార్లు ఆగేది ఎక్కువగా ఆ కారణాలకే.

పాత కార్లకు ఇంకో చిక్కు. పదేళ్లు దాటిన కారుకు చాలామంది థర్డ్ పార్టీ మాత్రమే కడతారు, చట్టం అడిగేది అదొక్కటే కనుక. ఆర్‌ఎస్‌ఏ యాడ్-ఆన్ సాధారణంగా సొంత నష్టం కవర్ ఉన్న పాలసీకే దొరుకుతుంది. కాబట్టి ఆగిపోయే అవకాశం ఎక్కువున్న పాత బండికి చవక దారి మూసుకుపోయి, విడిగా ఎక్కువ పెట్టి కొనాల్సి వస్తుంది. చిన్న అచ్చులో ఇంకా ఉంటాయి: ఏడాదికి నాలుగు సార్లే లాంటి పరిమితులు, కొన్న మర్నాడే కాకుండా కొన్ని రోజులాగాక మొదలయ్యే సేవ, పసుపు నంబర్ ప్లేటుకు వర్తించకపోవడం. వనస్థలిపురం క్యాబ్ డ్రైవర్ కారు రోజంతా రోడ్డు మీదే ఉంటుంది, కానీ చాలా ప్లాన్లు అతన్ని దగ్గరికి రానివ్వవు. పెట్రోలు తెచ్చిస్తారు గానీ పెట్రోలు ధర మనదే. అయినా ఆ ఒక్క సేవను తక్కువ చేయకూడదు, బంకుల్లో సీసాలో పోయమంటే పోయరు మరి.

అన్నిటికంటే ముఖ్యమైన అంకె టోయింగ్ కిలోమీటర్లు. ఇరవై కిలోమీటర్ల దాకా ఉచితం అన్న ప్లానుతో సూర్యాపేట దగ్గర ఆగితే సూర్యాపేట వర్క్‌షాపుకే చేరతారు. ఎల్‌బీ నగర్ అక్కడికి నూరు కిలోమీటర్ల పైమాటే, మిగతా ప్రతి కిలోమీటరుకూ డబ్బు కట్టాలి. కొన్ని నిబంధనల్లో ఈ దూరం రానూపోనూ కలిపి ఉంటుంది, అప్పుడు ఇరవై కాస్తా పదవుతుంది. అమ్మేవాళ్లు ఈ సంగతి తమంతట తాము చెప్పరు, అడగాలి.

వానాకాలం గురించి వేరుగా చెప్పుకోవాలి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు కింది కోదండరామ్‌నగర్ లాంటి కాలనీలు మునిగాయి. ఘట్‌కేసర్ వైపు ముప్పై సెంటీమీటర్లు దాటి పడిన వాన అది. విజయవాడ రోడ్డు మీద చింతల్‌కుంట దగ్గర నీళ్లు నిలవడానికి అంత వాన కూడా అక్కర్లేదు. అలాంటి రోజు ఆర్‌ఎస్‌ఏకు రెండు పరిమితులు. చాలా ఒప్పందాల్లో ప్రకృతి వైపరీత్యాలు మినహాయింపు. మినహాయింపు లేకపోయినా నగరంలో ఉన్న కొద్ది క్రేన్లకు ఒకేసారి వేల ఫోన్లు వస్తాయి. నీళ్లలో ఆగిన కారుకు క్రేన్ కన్నా ముందు కావలసింది తాళం తిప్పకుండా ఉండే నిగ్రహం. ఇంజిన్‌లోకి నీళ్లు పోయాక సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ‘నీళ్లు పోవడం ప్రమాదం, సెల్ఫ్ కొట్టడం మీ తప్పు’ అని ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తగ్గిస్తుంది. చెరువు కింద ఇల్లున్నవాళ్లు ఆర్‌ఎస్‌ఏ, ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్లలో ఒకటే కొనగలిగితే ఇంజిన్ కవరే కొనాలి.

అసలు ఫోను చేస్తే వచ్చేదెవరు? ఎక్కువ కంపెనీలకు సొంత క్రేన్లుండవు. ఫోనెత్తేది ఎక్కడో ఉన్న కాల్ సెంటర్. వాళ్లు ఈ ప్రాంతపు టోయింగ్ వెండర్‌ను వెతికి పంపుతారు. ఆటోనగర్ వైపు తిరిగే క్రేన్‌వాలాయే కంపెనీ తరఫున రావచ్చు. తెలిసినవాళ్లు అతని నంబరే ఫోనులో పెట్టుకుంటే మధ్య కమిషన్ లేకుండా పనైపోతుంది. కానీ విజయవాడ దాటి రాజమండ్రి వైపు వెళితే ఆ నంబరు పనికిరాదు, అక్కడ కాల్ సెంటర్ జాబితా పనికొస్తుంది. కాల్ సెంటర్‌కు చోటు చెప్పడం మరో పరీక్ష. ‘విక్టోరియా మెమోరియల్ దాటాక’ అని ఇక్కడి మెట్రో స్టేషన్ పేరు చెబితే ఢిల్లీవైపు కూర్చున్న అమ్మాయి కలకత్తా అనుకోవచ్చు. మెట్రో పిల్లర్ నంబరు, హైవే మీదైతే కిలోమీటరు రాయి చెబితే తగువుండదు.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో చదివి అమెరికా వెళ్లిన పిల్లలు అక్కడ సెకండ్ హ్యాండ్ కారు కొనగానే తీసుకునేవాటిలో ట్రిపుల్ ఏ కార్డు ఒకటి. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 1902లో షికాగోలో మొదలైంది. జర్మనీలో ఏడీఏసీ 1903లో, బ్రిటన్‌లో ఏఏ 1905లో వచ్చాయి. ఏఏ మొదట పుట్టింది రిపేర్ల కోసం కాదు, వేగాన్ని పట్టుకోవడానికి పోలీసులు పొంచి ఉన్న చోట్లను సభ్యులకు ముందే చెప్పడానికి! మన దేశంలోనూ కలకత్తాలో 1904లో, బొంబాయిలో 1919లో ఇలాంటి సంఘాలు వెలిశాయి గానీ ఆ స్థాయికి పెరగలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. అక్కడ మెకానిక్ దూరం, అతని గంట ఖరీదు. ఇక్కడ మెకానిక్ వీధి చివర, అతని గంట చవక. ఒక్క తేడా మాత్రం మనవాళ్లు నేర్చుకోదగ్గది. ట్రిపుల్ ఏ సభ్యత్వం మనిషిది. స్నేహితుడి కారులో వెళ్తున్నా కార్డు పనిచేస్తుంది. మన ప్లాన్లు దాదాపు అన్నీ బండి నంబరుకే ముడిపడి ఉంటాయి. ఇంట్లో రెండు కార్లుంటే రెండు చందాలు కట్టాలి. అమెరికాలో ఉన్న కొడుకు ఎల్‌బీ నగర్‌లోని అమ్మానాన్నల కారుకు ఆన్‌లైన్‌లో ప్లాన్ కొనేముందు గమనించాల్సింది ఇదే.

లెక్క చూద్దాం. విడి ప్లాన్‌కు ఏడాదికి వెయ్యి, ఒకసారి ఫ్లాట్‌బెడ్ పిలిస్తే మూడు వేలు అనుకుంటే, మూడేళ్లకోసారి కారు ఆగితేనే లెక్క సరిపోతుంది. చక్కగా సర్వీసు చేయించుకునే, నగరం దాటని కారు అంత తరచుగా క్రేన్ ఎక్కదు. యాడ్-ఆన్‌గా మూడు నాలుగు వందలకే వస్తే మాత్రం ఏడేళ్లకోసారి ఆగినా నష్టం లేదు. పైగా సాధారణంగా ఆర్‌ఎస్‌ఏ వాడుకుంటే నో క్లెయిమ్ బోనస్ తగ్గదు.

చట్టం వైపు నుంచి ఒక భయం తీసేయొచ్చు. దారికి అడ్డంగా బండి ఆపితే మోటారు వాహనాల చట్టం 201వ సెక్షన్ కింద రూ.500 దాకా జరిమానా ఉంది. 2019 సవరణ మాత్రం, అనుకోకుండా చెడిపోయి తొలగించే ప్రయత్నంలో ఉన్న బండికి ఇది వర్తించదని చెప్పింది. క్రేన్‌కు ఫోను చేసినట్టు చూపించగలిగితే ఫ్లైఓవర్ మీద ఆగిన కారుకు అది రక్షణే.

ఫోను గురించే ఇంకో హెచ్చరిక. బండి ఆగాక కంగారులో ఇంటర్నెట్‌లో ‘కస్టమర్ కేర్ నంబర్’ వెతికితే మోసగాళ్లు పెట్టిన నంబరు దొరికే ప్రమాదముంది. పది రూపాయలు పంపితే క్రేన్ బయల్దేరుతుందని లింకు పంపి ఖాతా ఖాళీ చేసే రకం. అలా డబ్బు పోతే వెంటనే 1930కి చెప్పాలి. డబ్బు కట్టిన కంపెనీయే రాకపోతే, ఆలస్యమైన కాల్ రికార్డు, సొంతంగా పెట్టిన టోయింగ్ బిల్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. యాడ్-ఆన్‌గా కొన్నదైతే ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి, ఆపైన బీమా నియంత్రణ సంస్థ హెల్ప్‌లైన్ 155255కు చెప్పాలి.

తీర్పు చెప్పమంటే ఇలా చెప్పొచ్చు. కొత్త కారు, కంపెనీ ఇచ్చిన గడువు ఇంకా ఉన్నవాళ్లు వేరే కొనక్కర్లేదు. మలక్‌పేటకూ హయత్‌నగర్‌కూ మధ్యే తిరిగే మామూలు గేర్ల కారుకు, టూవీలర్‌కు అసలే అక్కర్లేదు. నెలకోసారైనా నల్లగొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల సొంతూళ్లకు పోయివచ్చేవాళ్లు, రాత్రి షిఫ్టు ముగించుకుని ఒంటరిగా కారు నడుపుకుంటూ వచ్చే ఆడవాళ్లు, స్టెప్నీ మార్చే ఓపిక లేని పెద్దవాళ్లు, స్టెప్నీయే లేని కార్లవాళ్లు తీసుకోవాలి. అదీ ఇన్సూరెన్స్‌తో కలిపి, టోయింగ్ కనీసం యాభై కిలోమీటర్లుండేలా చూసుకుని. ఇవేవీ కొనకపోయినా సంక్రాంతికి ఎల్‌బీ నగర్ దాటే ముందు చేయాల్సిన పనులు మూడున్నాయి: స్టెప్నీలో గాలి నింపించండి, బ్యాటరీ చూపించండి, 1033ను ఫోనులో సేవ్ చేసుకోండి.